జీవరత్నం గారి పొడుగు చాప

మా మందిరంలో వాక్యం చెప్పేది మా ఆయన, మందిరాన్ని నడిపేది జీవరత్నం గారు. ఈ సంగతి నాకు పెళ్ళై ఇక్కడికి వచ్చిన మొదటి ఆదివారమే తెలిసిపోయింది. మా ఆయనకి తెలియడానికి ఇంకొంచెం కాలం పట్టింది.

నేను బందరు మనిషిని. అక్కడ మా చర్చిలో బెంచీలుండేవి, బెంచీల మీద ఎవరి చోటు వాళ్ళకుండేది. పాస్టరు గారి భార్యకి ముందు బెంచీ. అవనిగడ్డ దాటి కరకట్ట వెంబడి వస్తే తగిలే ఈ పేటకి కొత్త పెళ్ళికూతురిగా వచ్చినప్పుడు, ఆ అలవాటు కూడా సామానుతో పాటు వెంట తెచ్చుకున్నాను. పట్టుచీర కట్టుకుని, మొదటి పాట సగంలో ఉండగా తీరిగ్గా లోపలికొచ్చి, అందరూ చూస్తుండగా ముందుకి నడిచాను. వెనక నుంచి ఒక చెయ్యి నా మోచెయ్యి పట్టుకుంది. తుంగ చీల్చి చీల్చి గరుకెక్కిన చెయ్యి.

"పాస్టరమ్మ గారూ, మీరు రావమ్మ తరవాత వచ్చారండి" అన్నారు జీవరత్నం గారు. ఆ రావమ్మ ఎవరో నాకు తెలియదు. తెలుసుకునేలోపే ఆవిడ పక్కన, గుమ్మానికి దగ్గరగా, చెప్పులు విడిచే చోటుకి జానెడు దూరంలో కూర్చుని ఉన్నాను. పీఠం దగ్గర నిలబడ్డ మా ఆయన నన్ను ముందు వరసలో వెతికి, చివరికి చెప్పుల పక్కన కనుక్కుని, పాటలో ఒక చరణం మరిచిపోయారు.

జీవరత్నం గారు చాపలల్లుతారు. కాలవ గట్ల మీద తుంగ కోయించి, ఎండబెట్టి, చీల్చి, ఇంటి వసారాలో ఉన్న మగ్గం మీద అల్లుతారు. మందిరంలో పరిచే చాపలన్నీ ఆవిడ చేతివే. అవి బజారులో దొరికే చాపల్లాంటివి కావు. గోడ నుంచి గోడ దాకా ఒక్కొక్క వరసకి ఒకే పొడుగు చాప. ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు, అందరి కిందా అదే చాప. ఇంత పొడుగు ఎందుకు, పరచడానికి ఇద్దరు కావాలి, చుట్టడానికి ఇద్దరు కావాలి కదా అని నేనొకసారి అడిగాను. చిన్న చాపలైతే ఎవరి చాప వాళ్ళదైపోతుందని ఆవిడ జవాబు.

ఆవిడ పద్ధతి కూడా చాపంత తిన్నగా ఉంటుంది. ముందొచ్చినవాళ్ళు ముందు, వెనకొచ్చినవాళ్ళు వెనక. పైవాళ్ళు, కిందివాళ్ళు, మేష్టర్లు, కూలీలు అన్న లెక్క లేదు. అందరినీ కూర్చోబెట్టాక ఆవిడ అన్నిటికంటే చివరి చాప మీద, ఆడవాళ్ళ వైపు, గుమ్మం పక్కన కూర్చుంటారు. ఆ చోటు ఆవిడది. ఎవరి చోటూ ఎవరిదీ కాదనే మనిషికి తన చోటు మాత్రం ఉంది. ఆ మాట ఆవిడ ముందు ఎవరూ అనరు, నేను కూడా ఈ కాగితం మీదే అంటున్నాను.

మందిరంలో కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు కూడా ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పేర్చి మూల ఉంటాయి. ముసలివాళ్ళకీ, నిండు నెలల ఆడవాళ్ళకీ, మోకాళ్ళు వంగనివాళ్ళకీ తప్ప అవి కదలవు. ఒకసారి బందరు నుంచి మా సంఘాల పెద్దాయన ఒకరు వచ్చారు. కారు దిగి, కోటు సర్దుకుని, కుర్చీ కోసం చుట్టూ చూశారు. జీవరత్నం గారు ఎదురెళ్ళి, వందనాలు చెప్పి, ఎంతో ఆప్యాయంగా మోకాళ్ళ నొప్పులేమన్నా ఉన్నాయా అని అడిగారు. పాపం, ఆయన పరామర్శ అనుకున్నారు. దేవుని దయ వల్ల ఏ నొప్పీ లేదన్నారు. అయితే స్తోత్రం అని ఆవిడ చాప చూపించారు. బిగుతు ప్యాంటుతో ఆయన ప్రసంగం అయ్యేదాకా బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. ముగింపు దీవెన ఇమ్మని పిలిచేసరికి కాలు తిమ్మిరెక్కి, మా ఆయన భుజం పట్టుకుని లేచారు. ఆ వారం మా సంఘానికి దీవెన ఒంటికాలి మీద వచ్చింది.

పంచాయతీ ఎన్నికల ముందు ఒక అభ్యర్థి మందితో, మెడలో దండతో చివరి పాటకి వచ్చాడు. జీవరత్నం గారు దండ తీయించి, మందిని బయట నిలబెట్టి, అతన్ని మగవాళ్ళ చివర పోతురాజు పక్కన కూర్చోబెట్టారు. పోతురాజు శనివారం రాత్రి తాగింది ఆదివారం మధ్యాహ్నానికి గానీ దిగదు. ప్రార్థన మొదలవగానే అతని తల అభ్యర్థి భుజం మీద వాలిపోయింది. ఆమెన్ దాకా ఆ పెద్దమనిషి కదల్లేదు, నవ్వు కూడా చెరగలేదు. ఓటు కోసం మనిషి ఏ బరువైనా మోస్తాడని మాకు ఆ రోజు అర్థమైంది.

ఎవరేమన్నా జీవరత్నం గారు బైబిల్లోని ఒకే వాక్యం చెప్తారు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడిని రమ్మని, మురికిబట్టలవాడిని పొమ్మనే సంఘం సంగతి. మా ఆయన ఎప్పుడు ఏ వాక్యం చెప్పినా, చివరికి ఆవిడ దాన్ని ఉంగరం దగ్గరికి లాక్కొస్తారు. నోవహు ఓడ గురించి చెప్పిన రోజు కూడా, ఆ ఓడలో ముందు వరస ఎవరికిచ్చారో అడిగారు.

ఇలాంటి మనిషి ఒక ఆదివారం తనంత తానుగా మూలకెళ్ళి, కుర్చీ తీసి, పైటకొంగుతో తుడిచి వేశారు.

ఆ కుర్చీ దుర్గాదేవి గారికి. పేటకి అవతల ఊళ్ళో పెద్ద రైతు కుటుంబం వాళ్ళది. ఆవిడ భర్తకి పక్షవాతం వచ్చి, గుడివాడ ఆసుపత్రిలో చాలా రోజులుంచి, ఇంటికి తీసుకొచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయవు, మాట పడిపోయింది. వాళ్ళింట్లో పనిచేసే రావమ్మ, మా మందిరంలో ప్రార్థన చేయించుకోండమ్మా అని చెప్తే వచ్చారు. వాళ్ళింట్లో దేవుళ్ళు వాళ్ళకున్నారు. అయినా మనిషి మంచాన పడితే ఎవరు ఏ తలుపు తడతారో ఎవరూ లెక్కపెట్టరు. కారుని కరకట్ట మీదే ఆపి, చెప్పులు చేత్తో పట్టుకుని, నడిచి వచ్చారు ఆవిడ.

జీవరత్నం గారు ఎదురెళ్ళారు. మా మందిరంలో ఎవరొచ్చినా వందనాలు అంటాం. జీవరత్నం గారు ఆ రోజు మాత్రం రెండు చేతులూ జోడించి నమస్కారమండి అన్నారు. చాపలన్నీ అయిపోయాక, వెనక గోడ దగ్గర, ఎవరికీ తగలకుండా కుర్చీ వేశారు. ప్రార్థన అయ్యాక మా పంచలో అందరం స్టీలు గ్లాసుల్లో టీ తాగుతాం, తాగి ఎవరి గ్లాసు వాళ్ళు కడిగి బుట్టలో పడేస్తాం. దుర్గాదేవి గారికి మాత్రం కాగితం గ్లాసులో వచ్చింది. కాగితం గ్లాసుల కట్ట మా వంటింట్లో ఎప్పుడూ లేదు. అంటే జీవరత్నం గారే దుకాణానికెళ్ళి తెచ్చారన్నమాట.

సంఘమంతా ముక్కు మీద వేలేసుకుంది. జీవరత్నమ్మ మెత్తబడిందన్నారు కొందరు. పోతురాజు నిజంగానే బాధపడ్డాడు. ఇన్నేళ్ళుగా వస్తున్నా తనకి కుర్చీ వేసిన పాపాన పోలేదని నా దగ్గర మొర పెట్టుకున్నాడు. నేను కూడా వేళాకోళానికి, దుర్గాదేవి గారికి మోకాళ్ళ నొప్పులా అని జీవరత్నం గారిని అడిగాను.

"పెద్దింటివాళ్ళు కదండీ. కింద కూర్చోవడం అలవాటుండదు" అన్నారు. ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. మరీ నున్నగా ఉంది. జీవరత్నం గారు నున్నగా మాట్లాడే మనిషి కాదు.

తరవాత వారం మళ్ళీ కుర్చీ, మళ్ళీ కాగితం గ్లాసు. ఆ పై వారం కూడా అంతే. దుర్గాదేవి గారు పరీక్ష హాల్లో కాపలా ఉన్న మనిషిలా అందరి వీపుల వెనక ఒక్కరే కూర్చునేవారు. తన భర్త కోసం సంఘమంతా తల వంచినప్పుడు, పక్కన తల వంచే మనిషి లేక ఒళ్ళో చేతులు నలుపుకునేవారు.

అసలు సంగతి రావమ్మ చెప్పింది. జీవరత్నం గారు వయసులో ఉండగా నాట్లకీ కోతలకీ దుర్గాదేవి గారి పొలానికే వెళ్ళేవారట. మధ్యాహ్నం కూలీలకి టీ పోసేది పశువుల పాక దగ్గర. పాక చూరులో ఒక సొట్టపడ్డ సత్తు గ్లాసు దోపి ఉండేది. పేట నుంచి వచ్చినవాళ్ళకి అదొక్కటే. పైనుంచి పోస్తే తాగి, కడిగి, మళ్ళీ చూరులో దోపి వెళ్ళాలి. పోసింది దుర్గాదేవి గారే.

రావమ్మ చెప్పడం అయ్యాక నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో సరిగ్గా తెలియలేదు. దుర్గాదేవి గారి మీద వచ్చింది, జీవరత్నం గారి మీద వచ్చింది, ఏ చూరులోనో తుప్పు కూడా పట్టకుండా ఉండిపోయిన ఆ గ్లాసు మీద అందరికంటే ఎక్కువ వచ్చింది. ఊరుకోలేక జీవరత్నం గారింటికి వెళ్ళాను. ఆవిడ మగ్గం దగ్గర కూర్చుని ఉన్నారు. కుర్చీ పేరుతో దుర్గాదేవి గారిని వెలి వేస్తున్నారని మొహం మీదే అనేశాను.

ఆవిడ చెయ్యి ఆపలేదు. "నేనేం తక్కువ చేశానండీ? కుర్చీ వేశాను. ఎవరూ ముట్టని కొత్త గ్లాసులో టీ ఇచ్చాను. ఆళ్ళ పాకలో నాకెప్పుడన్నా కొత్త గ్లాసు ఇచ్చారా?"

నేను బందరులో బెంచీ మీద పెరిగినదాన్ని. ఆ సత్తు గ్లాసు నా పెదవికి తగల్లేదు. దుర్గాదేవి గారిని క్షమించండి అని ఆవిడకి చెప్పే హక్కు నాకెక్కడిది? నా మీద నాకే విసుగొచ్చి ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన ప్రసంగంతో సరిచేస్తానన్నారు. మగవాళ్ళకి, అందులో పాస్టర్లకి, ప్రసంగం మీద ఎంత నమ్మకమో. ఆదివారం నాడు ఆయన పక్షపాతం గురించి చెమటలు కక్కుతూ చెప్పారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది జీవరత్నం గారు. అయ్యాక దగ్గరికొచ్చి, ఇవాళ బాగా చెప్పారయ్యగారూ, కొంతమందికి తగలాల్సిందే అని మెచ్చుకుని వెళ్ళారు.

తరవాత వారం దుర్గాదేవి గారు రాలేదు. ఇక రానేమో అని అన్నారని రావమ్మ నాతో చెప్పింది. అక్కడ ఆ కుర్చీలో కూర్చుంటే ఇంట్లో కంటే ఒంటరిగా ఉంటోందన్నారట. ఆ రోజు చాపల వెనక కుర్చీ ఖాళీగానే ఉంది. తీసేయొచ్చు కదా, తీయలేదు. జీవరత్నం గారు పాట మధ్యలో తలతిప్పి గుమ్మం బయటికి చూడ్డం నేను చూశాను. పాటలో కూడా ఒక అడుగు వెనకబడ్డారు. మా ఆయన తప్పు పాడితే సరిదిద్దే మనిషి, తనే తప్పు పాడారు.

ఆ పై ఆదివారం నేను పంచలో టీ నీళ్ళు పెడుతున్నాను. ఇంకా ఎవరూ రాలేదు. లోపల జీవరత్నం గారు మొదటి చాప విప్పుతున్నారు. రెండో కొస పట్టుకునేది ఈ మధ్య రావమ్మే, ఆ రోజు ఎందుకో రాలేదు. నేను చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళబోతుంటే నా కంటే ముందే ఎవరో గుమ్మం దాటారు. దుర్గాదేవి గారు. తను మందిరానికి రావాలని, భర్త దగ్గర రావమ్మని ఉంచి వచ్చారు.

ఆవిడ తిన్నగా వెళ్ళి చాప రెండో కొస పట్టుకున్నారు.

వద్దండి, మీకలవాటుండదన్నారు జీవరత్నం గారు. దుర్గాదేవి గారు కొస వదల్లేదు. ఇటు ఒకరు, అటు ఒకరు, మధ్యలో గోడ నుంచి గోడ దాకా ఆ పొడుగు చాప. ముడత పోవాలంటే ఇద్దరూ సమానంగా లాగాలి. లాగారు. నేను గుమ్మం పక్కనే ఆగిపోయాను. పాస్టరమ్మలు చాటుగా వినకూడదు గానీ, పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయని కూడా మరిచిపోయి విన్నాను.

"ఆ కుర్చీ ఎందుకు వేస్తున్నావో నాకు మొదటి రోజే తెలుసు జీవరత్నం" అన్నారు దుర్గాదేవి గారు. "అప్పట్లో అది మా అత్తగారి పద్ధతి అని చెప్పుకోవచ్చు. కానీ ఆవిడ పోయాక కూడా ఆ గ్లాసు అక్కడే ఉంది. తీయాలని నాకు తోచలేదు. నువ్వు ఎన్ని వారాలు కూర్చోమంటే అన్ని వారాలు కుర్చీలోనే కూర్చుంటాను. మా ఆయన కోసం ప్రార్థన చేసేటప్పుడు మాత్రం, పక్కన ఎవరన్నా ఉంటే బాగుంటుంది."

జీవరత్నం గారు వంగి చాప అంచు సర్దారు. సర్దిన అంచునే మళ్ళీ సర్దారు. నాకు భయం వేసింది. ఆవిడ నోట్లోంచి ఏ మాట వస్తుందో, వస్తే ఈ మనిషి మళ్ళీ ఈ గుమ్మం తొక్కుతుందో లేదో అని. చివరికి ఆవిడ లేచి నిలబడి, తనకి తెలిసిన ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"మోకాళ్ళు వంగుతాయా?"

"వంగుతాయి" అన్నారు దుర్గాదేవి గారు.

"మరి కుర్చీ ఎందుకండీ?" అన్నారు జీవరత్నం గారు, ఇన్ని వారాలూ ఆ కుర్చీ వేసింది ఇంకెవరో అన్నట్టు. వెళ్ళి దాన్ని ఎత్తి, మూల ఉన్న వాటి మీద పెట్టేశారు. ముందొచ్చారు కాబట్టి ముందు కూర్చోమన్నారు. దుర్గాదేవి గారు మొదటి చాప మీద, పీఠానికి ఎదురుగా కూర్చున్నారు. తరవాత వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ ఆవిడ పక్కన చేరారు. మా ఆయన వచ్చి చూసి, తన ప్రసంగం పనిచేసిందనుకున్నారు. నేను ఆ భ్రమ ఇప్పటికీ చెరపలేదు, కాపురం కదా.

ప్రార్థన అయ్యాక పంచలో టీ. కాగితం గ్లాసుల కట్ట గట్టు మీదే ఉంది. జీవరత్నం గారు దాన్ని ఒకసారి చూసి, బుట్టలోంచి స్టీలు గ్లాసు తీసి, టీ పోసి, దుర్గాదేవి గారి మొహం చూడకుండా అందించారు. ఆవిడ తాగారు. కుళాయి దగ్గరికి వెళ్ళి కడిగారు. మేమంతా కడిగిన గ్లాసు బుట్టలో పడేసి కబుర్లలో పడిపోతాం. ఆవిడకి ఆ సంగతి తెలియదు, ఇన్నాళ్ళూ కాగితం గ్లాసు కదా. తడి గ్లాసు పట్టుకుని నిలబడిపోయి అడిగారు.

"ఇది ఎక్కడ పెట్టమంటారు?"

నువ్వు అన్న పిలుపు పోయి మీరు వచ్చింది. ఆ తేడా అడిగినావిడ కావాలని తెచ్చారో, తనంత తానే వచ్చిందో నాకు తెలియదు. జీవరత్నం గారి చూపు మాత్రం ఒక్కసారి పైకి, మా పంచ చూరు వైపు వెళ్ళింది. అక్కడ దోపమంటే దోపేసేవారే దుర్గాదేవి గారు. అడిగిన గొంతులో అది తెలుస్తోంది. నేను పట్టుకున్న టీ గిన్నె చల్లబడుతోంది, ఎవరికీ పోయలేదు.

"అన్నిటితో పాటే" అన్నారు జీవరత్నం గారు. గ్లాసు అందుకుని బుట్టలో వేసి, బుట్టని రెండు చేతులతో గలగలమని కుదిపారు. అన్నీ కలిసిపోయాయి. ఆ గ్లాసు ఏదో ఇంక ఎవరూ చెప్పలేరు. దుర్గాదేవి గారు కళ్ళు తుడుచుకోవడం చూసి, పొయ్యి పొగా అని పోతురాజు అడిగాడు. మాది గ్యాస్ పొయ్యి.

తరవాత ఆదివారం దుర్గాదేవి గారు ఆలస్యంగా వచ్చారు. మొదటి పాట అయిపోవస్తోంది. గుమ్మంలో జీవరత్నం గారు వందనాలమ్మా అని, ఏ మొహమాటమూ లేకుండా చివరి చాప మీద, చెప్పుల పక్కన చోటు చూపించారు. ఎంత పెద్దింటి మనిషి, నొచ్చుకుంటారేమో అని నేను కంగారుపడ్డాను. ఆవిడ చక్కగా కూర్చున్నారు. అది జీవరత్నం గారి పక్క చోటు. మా ఆయన రోగుల కోసం ప్రార్థించమన్నప్పుడు అందరూ కళ్ళు మూసుకున్నారు, నేను ఒక కన్ను తెరిచాను. గరుకు చెయ్యి ఒకటి పట్టుచీర వీపు మీద ఉంది. జీవరత్నం గారు దేవుడితో కూడా గుమ్మం దగ్గర మాట్లాడినట్టే మాట్లాడతారు. ఆ మనిషికి మాట తిరిగి ఇయ్యి ప్రభువా, చాలా వారాల నుంచి అడుగుతున్నాం అని గట్టిగా గుర్తు చేస్తున్నారు.

అప్పటి నుంచి దుర్గాదేవి గారు ప్రతి ఆదివారం ఆలస్యమే. వాళ్ళ కారు మాత్రం పాట మొదలవకముందే కరకట్ట మీదికి వస్తుంది. మా వంటింటి కిటికీలోంచి నాకు కనిపిస్తుంది, అందులో ఆవిడ పాట కోసం చెవులు రిక్కించి కూర్చుని ఉండడం. గుమ్మంలో నిలబడే జీవరత్నం గారికి అది నాకంటే బాగా కనిపిస్తుంది.

మొన్న ఉండబట్టలేక అడిగాను. ఆవిడ ముందే వస్తున్నారని మీకు తెలుసు, అయినా మీ పక్క చోటు ఆవిడకే మిగులుతోంది, ఇది పక్షపాతం కాదా అని.

జీవరత్నం గారు వంగి గుమ్మం దగ్గర చెప్పుల జతలు సరిచేస్తున్నారు. "చెప్పుల పక్కన కూర్చోబెట్టడం పక్షపాతమంటే విన్నవాళ్ళు నవ్వుతారండి" అన్నారు. ఆ మాట అంటూనే, దుర్గాదేవి గారు వచ్చి కూర్చునే చోట చాప మీద పడ్డ ఇసుకని కొంగుతో దులిపారు.